గ్రౌసుపక్షియు మూరుభూములును

మనుష్యుడు తాను చేసిన పనిని కొన్ని తరములు గడచినంతనే మఱచి, అది అనాదిసిద్ధమని నమ్ముట లోకస్వభావము. ఆచారముల విషయమున ఈ సంగతి మన పాఠకులకు క్రొత్త గాదు. నిన్న మొన్న పుట్టిన కట్టుబాటును వేదకాలపుదని వాదించువారు మన యూళ్లలో ఎందఱో కలరు. ఆచారములే గాక కొండలును, బయళ్లును, వానిలో తిరుగు పక్షులును సైతము ఇట్టి మఱపునకు లోబడునని చెప్పినచో కొందఱు ఆశ్చర్యపడవచ్చును. ఇందులకు దృష్టాంతముగా బ్రిటను దేశపు ఎఱ్ఱగ్రౌసు అను పక్షి చరిత్రమును, అది నివసించు మూరుభూముల చరిత్రమును ఇచ్చట వ్రాయబూనితిమి. పక్షి చిన్నది, దాని చుట్టు అల్లుకొనిన చరిత్రము పెద్దది. చట్టములును, చెఱసాలలును, రైలుమార్గములును, దక్షిణధ్రువయాత్రయు గూడ ఈ పక్షితో ముడివడియున్నవి.

మొదట ఆ భూమి యెట్టిదో చెప్పవలయును. స్కాట్లాండునందును, ఇంగ్లండు ఉత్తరభాగమునందును, వేల్సునందును చెట్లు లేని మెట్టభూములు విస్తారముగా కలవు. వానికి మూరులని పేరు. అచ్చటి గాలి చల్లనిది, వాన మెండు, నేల పులుపుగలది. నీరు నిలిచిన తావులలో నాచును, గడ్డియు చచ్చియు పూర్తిగా కుళ్లక, పొరమీద పొరగా పేరుకొని నల్లని మెత్తని మన్నగును. దానిని పీటు అందురు. ఎండబెట్టినచో అది వంటచెఱకువలె మండును. పూర్వము బీదలకు చలికాలమున అదియే ఆధారము. ఈ నేలపై మోకాలెత్తున దట్టముగా పెరుగు పొద హెదరు. దాని ఆకులు మిక్కిలి చిన్నవి, కొమ్మలు గట్టివి. ఆగస్టు నెలలో అది పూచినప్పుడు కొండలన్నియు ఊదారంగు కంబళి కప్పుకొనినట్లు కనబడును. చిత్రకారులును, యాత్రికులును ఆ దృశ్యమును చూచి, మనుష్యహస్తము సోకని ప్రకృతి యిదియే యని వర్ణించుచు వచ్చిరి.

ఈ హెదరుపొదలలో బ్రతుకు పక్షియే ఎఱ్ఱగ్రౌసు. అది మన కౌజుకన్న పెద్దది, నాటుకోడికన్న చిన్నది. ఒడలంతయు ముదురు ఎఱుపుతో కలిసిన గోధుమవన్నె. కన్నులమీద ఎఱ్ఱని కండబొమలు. కాళ్లు వ్రేళ్లవఱకు ఈకలతో కప్పబడియుండుటచే శాస్త్రజ్ఞులు దీని ప్రజాతికి కుందేటిపాదము అను అర్థముగల గ్రీకుపేరు పెట్టిరి. నార్వే, రష్యా దేశములలోని దీని జ్ఞాతులు మంచుకాలమున తెల్లని ఈకలు ధరించును. ఈ పక్షిమాత్రము ఏడాది పొడుగునను ఎఱ్ఱగానే యుండును. ఇందుచేత పూర్వులు దీనిని బ్రిటనుకు మాత్రమే సొంతమైన ప్రత్యేకజాతిగా భావించిరి. 20వ శతాబ్దమున పండితులు ఉత్తరదేశపు జాతిలో ఒక శాఖగా దీనిని చేర్చిరి. ఇటీవల కొందఱు మరల దీనిని వేఱు జాతిగా గణించుచున్నారు.

దీని బ్రతుకంతయు ఒక్క పొదమీదనే ఆధారపడియున్నది. పెద్దపక్షులకు హెదరు చిగుళ్లే ముఖ్యాహారము. అట్టి గట్టియాకును జీర్ణించుకొనుటకు వాని కడుపులో పొడుగైన ప్రేగుసంచులు కలవు. మేత నూరుటకై అవి చిన్న రాళ్లను మ్రింగును. పిల్లలు మాత్రము పుట్టిన కొన్ని వారములవఱకు పురుగులను తినును. అందుచేత తడినేలయు, దానిలో పుట్టు ఈగలును వానికి ప్రాణాధారములు. శరదృతువున మగపక్షులు తలకొక తావును ఆక్రమించుకొని, తెల్లవారుజామున కూతలు కూయుచు హద్దులు కాచుకొనును. ఆంగ్లేయులకు ఆ కూత 'వెనుకకు పొమ్ము, వెనుకకు పొమ్ము' అని యాజ్ఞాపించునట్లు వినబడును. తావు దొరకని పక్షులలో పెక్కు చలికాలము గడువకముందే నశించును. ఈ పక్షి తావునకై ఎంత పోరాడునో, ఆ తావునకై మనుష్యులును అంతకు మించి పోరాడిరి.

ఇక అసలు విషయమునకు వత్తము. ఈ మూరులు ప్రకృతిసిద్ధములా? కొండకొమ్ములను, మిక్కిలి తడిసిన బురదనేలలను మినహాయించినచో, పెక్కుభాగము అట్టివి కావు. పీటుపొరలలో వేలయేండ్లనాటి పుప్పొడి చెడక నిలిచియుండును. శాస్త్రజ్ఞులు ఆ పొరలను శోధించి, నేడు హెదరున్న కొండలమీద ఒకప్పుడు భూర్జము, దేవదారు, సింధూరము మొదలగు జాతుల వృక్షములు పెరిగినట్లు కనుగొనిరి. కొన్ని తావుల పీటునుండి ప్రాచీనవృక్షముల మొదళ్లే బయటపడుచున్నవి. సుమారు ఆఱువేల యేండ్లక్రిందట వ్యవసాయము నేర్చిన జనులు చెట్లు నఱకిరి, కాల్చిరి, పశువులను మేపిరి. వాతావరణము చల్లబడి వానలు హెచ్చుటయు ఇందులకు తోడ్పడెను. నేల సారము కొట్టుకొనిపోయి పులుపెక్కగా హెదరు వ్యాపించెను. మొలచిన ప్రతి మొక్కను గొఱ్ఱెయో, జింకయో, నిప్పో మ్రింగుటచే అడవి మరల లేవలేదు. కావున మూరుభూమి మనుష్యుడును, వానయు, పశువును కలిసి వ్రాసిన గ్రంథమేగాని స్వయంభువు గాదు.

ఈ గ్రంథమునకు కడపటి అధ్యాయము వ్రాసినది వేట. ఇంగ్లండులో వేట చిరకాలము కులీనుల హక్కు. 1671వ సంవత్సరపు చట్టము ప్రకారము ఏటికి నూఱు పౌనుల రాబడిగల సొంతభూమియైనను, లేక నూటయేబది పౌనుల రాబడిగల కౌలుభూమియైనను లేనివాడు సామాన్యముగా వేటపక్షిని కొట్టరాదు. తన చేనిలో వాలినదానినైనను కొట్టరాదు. 1828వ సంవత్సరపు చట్టము రాత్రివేళ దొంగవేటాడి మూడవసారి దొరికినవానికి ద్వీపాంతరవాసశిక్ష నేర్పఱచెను. 1831వ సంవత్సరమున భూమిపరిమితి నియమము రద్దయి, రుసుము చెల్లించినవారెల్లరు వేటాడవచ్చుననియు, గ్రౌసువేట ఆగస్టు 12 మొదలు డిసెంబరు 10 వఱకనియు నిర్ణయింపబడెను. కాని వేటాడుటకు నేల యెవ్వరిది? చట్టప్రకారము బ్రతికియున్న గ్రౌసు ఎవ్వరి సొత్తును గాదు. అది చచ్చి నేలబడినంతనే ఆ భూమిపై వేటహక్కుగలవాని సొత్తగును. పక్షిని సొంతము చేసికొనలేనివారు దాని భూమిని సొంతము చేసికొనిరి. 18, 19 శతాబ్దములలో పార్లమెంటు చట్టములచేత గ్రామస్థుల ఉమ్మడిబయళ్లకు ఆవరణలు వేయబడుటతో ఆ పని సులభమయ్యెను.

19వ శతాబ్దపు నడుమవఱకు గ్రౌసువేట కష్టమైన వినోదముగా నుండెను. వేటగాడు కుక్కలతో మైళ్లకొలది నడచి, పొదలనుండి లేచిన పక్షిని కొట్టుచుండెను. తుపాకికి మందు గొట్టమూతినుండి కూరవలసియుండుటచే ప్రొద్దుపోవువఱకు తిరిగినను కొద్దిపాటి పక్షులే చిక్కుచుండెను. మూడు సంగతులు దీనిని మార్చినవి. మొదటిది, 1851వ సంవత్సరపు లండను మహాప్రదర్శనమునకు ఫ్రాన్సునుండి వచ్చిన వెనుకనుండి తోటా పెట్టు తుపాకి. రెండవది రైలు, 1863వ సంవత్సరమునకు పెర్తునుండి ఇన్వర్నెసుకు రైలుమార్గము వెలసెను. మూడవది రాజమర్యాద; విక్టోరియా రాణి కుటుంబమువారు 1852లో బల్మోరలు ఎస్టేటును కొనిన పిమ్మట స్కాట్లాండు కొండలమీది వేట ధనికులకెల్ల విధియైన వ్రతమువలె నయ్యెను. యంత్రశాలలవలన ధనవంతులైనవారు వేసవికాలపు అద్దెకు మూరులను పుచ్చుకొనసాగిరి. వేటపద్ధతియు మాఱెను. కూలివాండ్రు వరుసగా నిలిచి జెండాలు విసరుచు పక్షులను తోలుదురు. దొరలు రాతిగోడల చాటున నిలిచి, తలమీదుగా అతివేగమున నెగిరిపోవు పక్షులను కొట్టుదురు. సేవకులు వెనుక నిలిచి మఱియొక తుపాకిని సిద్ధముచేసి యందింతురు.

ఫలితమును అంకెలే చెప్పుచున్నవి. 1888వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన యార్కుషైరులోని బ్లబ్బరుహౌసెసు మూరుపై వాల్సింగ్‌హాము ప్రభువు ఒక్కడే ఒక్క దినమున 1,070 పక్షులను కొట్టెను. ఈయనయే చిన్న చిమ్మటపురుగులను జీవితమంతయు శ్రద్ధతో పరిశీలించి, తన సేకరణమును బ్రిటిషు మ్యూజియమునకు సమర్పించిన శాస్త్రజ్ఞుడు. ఒకే మనుష్యునియందు ఈ రెండు గుణములు ఇమిడియుండుట ఆ కాలమునకు వింతగా తోచలేదు. 1915వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన లాంకషైరులోని అబ్బేస్టెడ్డు మూరులపై ఎనమండ్రు 2,929 పక్షులను కొట్టిరి. ఆ సంఖ్య తరువాత మించబడలేదు. అప్పటికి ఐరోపా మహాసంగ్రామము ఆరంభమై ఏడాది గడచినది.

ఇన్ని పక్షులు ఎక్కడనుండి వచ్చినవి? ఇచ్చటనే ఈ చరిత్రములోని మర్మమున్నది. ఫెజెంటు అను వేటపక్షిని కోడిపిల్లవలె గూళ్లలో పొదిగించి, గింజలు వేసి పెంచి విడువవచ్చును. గ్రౌసు అట్లు లొంగదు. దానికి హెదరు కావలయును, కొండగాలి కావలయును. పక్షిని పెంచలేకపోవుటచే ప్రభువులు భూమినే పెంచిరి. ముదురు హెదరు పక్షికి చాటు నిచ్చును గాని మేతకు పనికిరాదు. లేతచిగురు మేతకు మంచిదిగాని దాగుటకు చాలదు. కావున చలికాలమునుండి వసంతారంభమువఱకు హెదరును చిన్న చిన్న పట్టెలుగా కాల్చి, పది పదునైదేండ్లకొకసారి ఒక్కొక్క పట్టె మరల చిగిర్చునట్లు చేసిరి. నేడు ఆ కొండలను దూరమునుండి చూచినచో మాసికలు వేసిన బొంతవలె కనబడుటకు ఇదియే కారణము. దీనితోబాటు గ్రౌసును తిను ప్రతి ప్రాణిని కావలివాండ్రు వెదకి చంపిరి. నక్క, ముంగిసను పోలిన చిన్న జంతువులు, కాకి, గ్రద్ద, డేగ అన్నియు ఆ పద్దులోనివే.

ఒకే ప్రాణిని మితిమీఱి వృద్ధిచేసినచోట వ్యాధి పొంచియుండును. పక్షులు కొన్ని యేండ్లు పెచ్చు పెరిగి, హఠాత్తుగా వేలకొలది చచ్చుచుండెను. దీని కారణమును విచారించుటకు 1905వ సంవత్సరమున లోవటు ప్రభువు అధ్యక్షతను ఒక సంఘము ఏర్పడెను. ఆ సంఘమువారి క్షేత్రపరిశోధకుడు ఎడ్వర్డు విల్సను. ఆయన మూరులలో తిరిగి, సుమారు రెండువేల పక్షుల కళేబరములను కోసి పరీక్షించి, ప్రేగుసంచులలో చేరు సన్నని దారమువంటి పురుగులే ఈ మరణములకు ముఖ్యకారణమని నిర్ధారణ చేసెను. సంఘము నివేదిక 1911వ సంవత్సరమున వెలువడెను. అప్పటికాయన కెప్టెను స్కాటుతో దక్షిణధ్రువయాత్రలో నుండెను; 1912వ సంవత్సరమున తిరుగుప్రయాణమున మంచుడేరాలో మరణించెను. పురుగులను పోగొట్టినచో పక్షుల సంఖ్యలో ఈ యెగుడుదిగుడులు తగ్గునని 1998లో ప్రకటింపబడిన పరిశోధనము ఋజువు చేసినది. ఇప్పుడు పెక్కు మూరులలో మందు పూసిన రాతినూకను పక్షులకై చల్లుచున్నారు. అడవిపక్షి యను పేరు దానికి ఇంకను ఎంతవఱకు తగునో పాఠకులే యోచింపవలయును.

కావలివాండ్రు తఱిమినది గ్రద్దలను మాత్రమేకాదు, మనుష్యులను గూడ. మాంచెస్టరు, షెఫీల్డు పట్టణముల నడుమ కిండరు స్కౌటు అను మూరు కలదు. ఇరుప్రక్కల యంత్రశాలలలో ఆఱుదినములు పొగ పీల్చిన కార్మికులు ఏడవదినమున ఆ కొండగాలికి ఆశపడిరి. కాని గ్రౌసు బెదరునను సాకుతో వారికి ప్రవేశము నిషేధింపబడెను. 1884వ సంవత్సరమున జేమ్సు బ్రైసు అను సభ్యుడు స్కాట్లాండు కొండలపై నడచుటకు జనులకు హక్కు నిచ్చు బిల్లును పార్లమెంటున తెచ్చెను, అది నెగ్గలేదు. 1896వ సంవత్సరమున బోల్టను పట్టణవాసులు వేలకొలదిగా వింటరు హిల్లు త్రోవ మూసిన భూస్వామిని ధిక్కరించి నడచిరి. ఈ కార్మికులు మనకు బొత్తిగా పరాయివారు గారు. మన నేతగాండ్ర మగ్గములను మూలబెట్టించిన బట్ట వారి మిల్లులలో తయారైనదే. మన విదేశవస్త్రబహిష్కారమువలన పనులు పోయినవారిని చూచుటకు 1931వ సంవత్సరమున గాంధీమహాత్ముడు లాంకషైరునకు వెళ్లెను.

మఱుసటియేడు, అనగా 1932వ సంవత్సరము ఏప్రిలు 24వ తేదీన, బెన్నీ రోథుమను అను యువకుని నాయకత్వమున కొన్ని వందలమంది హేఫీల్డు గ్రామమునుండి కిండరు మూరుపైకి నడచిరి. కఱ్ఱలు పట్టిన కావలివాండ్రతో త్రోపులాట జరిగెను. పిమ్మట ఐదుగురు యువకులకు రెండు మొదలు ఆఱు నెలలవఱకు చెఱశిక్ష విధింపబడెను. పరభూమిలో నడచుట అప్పటి ఆంగ్లశాసనమున శిక్షార్హమైన నేరము గాదు. కావున అల్లరి మొదలగు ఆరోపణలపై వారిని శిక్షించిరి. ఆ శిక్ష దేశమందు కలిగించిన సంచలనము వ్యర్థము గాలేదు. 1949వ సంవత్సరమున జాతీయోద్యానముల చట్టము వచ్చెను; 1951లో ఏర్పడిన మొదటి జాతీయోద్యానము కిండరు మూరున్న పీక్ మండలమే. 2000వ సంవత్సరపు చట్టము ఇంగ్లండు, వేల్సు దేశములలోని మూరులలో కాలినడకకు హక్కు కల్పించెను. 2003వ సంవత్సరపు చట్టము స్కాట్లాండులో అంతకన్న విశాలమైన హక్కునే యొసగెను. డెబ్బదియేండ్లు నిండిన 2002లో డెవను‌షైరు డ్యూకు తన తాతగారి కాలమున జరిగినదానికి బహిరంగముగా క్షమాపణ కోరెను.

మనుష్యులకు త్రోవ దొరకినను గ్రద్దలకు ఇంకను దొరకలేదు. హెన్ హారియరు అను గ్రద్ద నేలమీదనే, హెదరునందే, గూడు కట్టును. దీని సోదరజాతులు రెండు శీతకాలమున మన నంద్యాల జిల్లా రోళ్లపాడు బయళ్లకు వచ్చుచుండును. 1900 నాటికి బ్రిటను ప్రధానభూభాగమున ఈ పక్షి దాదాపుగా నశించి, ఓర్క్నీ, హెబ్రిడీసు ద్వీపములలో మిగిలెను. రెండవ మహాసంగ్రామకాలమున కావలివాండ్రు సైన్యమునకు పోగా ఇది మరల ప్రధానభూమికి రాసాగెను. 1954వ సంవత్సరపు పక్షిరక్షణచట్టము దానికి అభయమిచ్చెను. కాని కాగితముమీది అభయము కొండమీద చెల్లలేదు. ఉపగ్రహమునకు సంకేతములంపు పరికరములను తగిలించిన 58 హారియరులనుగూర్చి 2019లో వెలువడిన పరిశోధనములో నూటికి 72 పక్షులు అక్రమముగా చంపబడినవో, చంపబడియుండుట మిక్కిలి సంభావ్యమో యని తేలినది.

ఎదుటిపక్షము మాటయు వినుట న్యాయము. లాంగ్‌హోము మూరున 1992 మొదలు 1997 వఱకు గ్రద్దలకు హాని చేయక పరిశీలింపగా, హారియరుల జంటలు రెండునుండి ఇరువదికి పెరిగినవి. అవి గ్రౌసుపిల్లలను మెండుగా తినుటచే అచ్చట తోలువేట నిలిచిపోయెను. కావున భూస్వాముల భయము కల్పితము గాదు. నార్తంబర్లండులోని ఒటరుబర్ను ప్రాంతమున 2000 మొదలు 2008 వఱకు జరిగిన పరిశోధనములో, నక్కలను, కాకులను అదుపుచేసిన తావులలో కర్లూ, లాప్వింగు మొదలగు నేలగూటి పక్షులు సుమారు మూడురెట్లు ఫలవంతముగా పిల్లలను పెంచినవని తేలినది. వేటయే లేనిచో ఆ హెదరుకొండలలో పెక్కింటిని గొఱ్ఱెలమేతకో, విదేశపు చెట్లతోపులకో మార్చియుందురనుటయు సత్యము. ఈ మేళ్లను మేము కాదనము. ఒక మేలు చూపి వేయి తప్పులను కప్పుటయే మాకు సమ్మతము గాదు.

ఇటీవల మఱియొక ప్రశ్న బయలుదేరినది. పీటునేలలో వేలయేండ్ల బొగ్గుపులుసుధాతువు దాగియున్నది. నేల ఎండినను, కాలినను అది గాలిలో కలిసి భూతాపమును హెచ్చించును. ఒక పక్షి మేతకై పెట్టు నిప్పు ఈ విధముగా లోకమునకంతకును సంబంధించినదయ్యెను. 2021లో ఇంగ్లండు ప్రభుత్వమువారు రక్షితప్రదేశములలోని లోతైన పీటుపై అనుమతిలేక హెదరు కాల్చుటను నిషేధించిరి. 2024లో స్కాట్లాండు పార్లమెంటు గ్రౌసువేటకును, హెదరు కాల్చుటకును లైసెన్సు అవసరమని శాసించెను. గ్రద్దల పోరు జరిగిన లాంగ్‌హోము మూరులో పదివేల యెకరములకు పైగా ఆ యూరివారే చందాలు కూర్చుకొని 2021, 2022 సంవత్సరములలో కొనిరి. బక్లూ డ్యూకు వంశమువారి వేటభూమి నేడు ఊరి ఉమ్మడి ప్రకృతిరక్షణస్థలము.

ఈ వేటమర్యాద ఓడలెక్కి మన వైపునకును వచ్చెను. తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో నుండిన కాలముననే, 1879వ సంవత్సరమున, నీలగిరులలో వేటజంతువుల రక్షణకై ప్రత్యేకచట్టము పుట్టెను. అచ్చటి పచ్చికకొండలు దొరలకు స్వదేశమును జ్ఞప్తికి తెచ్చినవి. చిత్రమేమన, తమ దేశమున మనుష్యుడు అడవిని నఱకి చేసిన మూరును వారు ప్రకృతి యనిరి; నీలగిరులలో వేలయేండ్లనుండి సహజముగా నున్న పచ్చికను, తోడవారి గేదెలు మేసిన బయళ్లను, బీడని తలచి యూకలిప్టసు, వాటిలు చెట్లు నాటించిరి. దేనిని ప్రకృతి యనవలయునో, దేనిని బీడనవలయునో నిర్ణయించినది శాస్త్రము గాదు, అధికారము.

ఎఱ్ఱగ్రౌసు నశింపవలెనని మేము కోరము. తెల్లవారుజామున హెదరుపొదలలో దాని కూత వినబడని మూరు మూగదే యగును. మేము కోరునది వేఱు. ఏ కట్టుబాటునైనను, ఏ కొండనైనను చూపి ఇది అనాదినుండి ఇట్లేయున్నదని యెవ్వరైన చెప్పినప్పుడు, దీనిని చేసినదెవ్వరు, ఎప్పుడు, ఎవరి మేలుకొఱకు అని అడుగు ధైర్యము మనకుండవలయును. మనుష్యుడు చేసినదానిని మనుష్యుడు దిద్దవచ్చును. కిండరు కొండయెక్కిన మిల్లుకూలీలు పండితులు గారు. అయినను ఈ సత్యమును వారు నడచి నిరూపించిరి.